చదువు ముగిసేలోపే మొదలుపెట్టవలసిన ఉద్యోగ వేట

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారిని ఏ ఉద్యోగం చేద్దామనుకుంటున్నారని అడిగితే ఎక్కువమంది ఒక హోదా పేరు చెబుతారు: డేటా అనలిస్ట్, మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్, డిజైనర్, లెక్చరర్. ఆ హోదాలో ఉన్న మనిషి సోమవారం ఉదయం పది గంటలకు కూర్చుని ఏం చేస్తాడని మళ్లీ అడిగితే మాత్రం సమాధానం తడబడుతుంది. ఉద్యోగ వేటలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. పని ఏమిటో తెలియనివారు ఏ నైపుణ్యం నేర్చుకోవాలో తేల్చుకోలేరు, రెజ్యూమెలో ఏది ముందు పెట్టాలో ఎంచుకోలేరు, ఇంటర్వ్యూలో "ఈ ఉద్యోగమే ఎందుకు?" అని అడిగితే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోని వాక్యాలనే తిరిగి అప్పజెబుతారు. అందుకే రెజ్యూమె సంగతి కాసేపు పక్కన పెట్టి, పనిని తెలుసుకోవడం ఎలాగో ముందుగా చూద్దాం.

రోజువారీ పనిని తెలుసుకోవడం

వృత్తి ఎంపికకు ఒక పద్ధతి ఉండాలని తొలినాళ్లలో వాదించినవారిలో ఫ్రాంక్ పార్సన్స్ ముఖ్యుడు. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో యువతకు వృత్తి సలహా కేంద్రాన్ని నెలకొల్పిన ఆయన, మనిషి తన స్వభావాన్నీ శక్తిసామర్థ్యాలనూ తెలుసుకోవాలనీ, లోకంలో ఉన్న పనుల స్వరూపాన్ని తెలుసుకోవాలనీ, ఆ తర్వాత రెండింటికీ పొంతన కుదురుతుందో లేదో తర్కించి చూసుకోవాలనీ చెప్పాడు. మొదటిదానికి ఇప్పుడు సాధనాల కొదవ లేదు. 1959లో అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఆసక్తులను ఆరు రకాలుగా విభజించింది: చేతులతోనూ యంత్రాలతోనూ చేసే పనులు, పరిశోధించి తేల్చే పనులు, సృజనాత్మకమైన పనులు, ఇతరులకు నేర్పే లేదా సాయపడే పనులు, నలుగురిని ఒప్పించి నడిపించే పనులు, లెక్కలూ రికార్డులూ క్రమంగా నిర్వహించే పనులు. అమెరికా కార్మిక శాఖ ఆధ్వర్యంలోని ఓ-నెట్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఈ ఆరు రకాల ఆధారంగా రూపొందించిన 60 ప్రశ్నల పరీక్ష ఉంది. అక్కడే 900కు పైగా వృత్తులలో రోజూ చేయవలసిన పనులను, కావలసిన నైపుణ్యాలను విడివిడిగా రాసి ఉంచారు. పరీక్ష ఫలితాన్ని తీర్పుగా తీసుకోకూడదు. మీరు ఎన్నడూ ఊహించని నాలుగైదు వృత్తుల పేర్లు దానివల్ల తెలిస్తే అదే లాభం. నా దృష్టిలో ఆ వెబ్‌సైట్‌లో పరీక్ష కంటే వృత్తుల వర్ణనలే ఎక్కువ విలువైనవి.

అంతకంటే దగ్గరగా చూడాలంటే ఉద్యోగ ప్రకటనలను చదవాలి, అదీ దరఖాస్తు పెట్టే తొందర లేనప్పుడు, అంటే చదువు ముగియడానికి ఏడాది ముందు నుంచే. మనసులో ఉన్న హోదాకు వేర్వేరు సంస్థలు ఇచ్చిన ఇరవై ప్రకటనలను ఒకచోట చేర్చి, అభ్యర్థి చేయవలసిన పనులను చెప్పే మాటల కింద గీత గీయండి: సమాచారంలోని తప్పులు సరిచేయాలి, వారం వారం నివేదిక తయారు చేయాలి, అమ్మకాల బృందానికి దాన్ని వివరించాలి, కస్టమర్ల ఫిర్యాదులు పరిష్కరించాలి. ఇరవైలో పదిహేనింట కనిపించే పని ఆ ఉద్యోగానికి వెన్నెముక అనుకోవచ్చు. ఒకటి రెండింట మాత్రమే కనిపించేది ఆ సంస్థ సొంత కోరిక. నేర్చుకోవలసిన వాటి జాబితాను ఇలా తయారు చేసుకోవాలి గానీ, ఫలానా కోర్సుకు గిరాకీ ఉందని ఎవరో అన్నారని కాదు. ఒకే పేరున్న ఉద్యోగం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుందన్న సంగతి కూడా ఈ కసరత్తులోనే బయటపడుతుంది. "బిజినెస్ అనలిస్ట్" అనే పేరు కింద ఒకచోట రోజంతా స్ప్రెడ్‌షీట్లు, మరోచోట రోజంతా సమావేశాలు, ఇంకోచోట సాఫ్ట్‌వేర్ అవసరాలను పత్రాలుగా రాయడం ఉంటాయి. నలుగురితో గంటల తరబడి మాట్లాడితే అలసిపోయేవారికి వీటిలో మొదటిది హాయిగా ఉంటుంది, రెండోది నరకంలా తోస్తుంది.

ప్రకటనలు చెప్పనివి ఆ పనిలో ఉన్నవారు చెబుతారు. మీ కాలేజీ పూర్వ విద్యార్థులు ఎవరు ఏ పనిలో ఉన్నారో వృత్తి పరిచయాల వెబ్‌సైట్ అయిన లింక్డ్‌ఇన్‌లో వెతికితే చాలావరకు తెలుస్తుంది. వారికి "సార్, ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి" అని రాస్తే జవాబు రాకపోవడమే సహజం, ఎందుకంటే అవతలి వ్యక్తి చేతిలో ఉద్యోగం ఉండదు, పరిచయం లేనివారిని సిఫారసు చేసే సాహసం కూడా చేయరు. వారి దగ్గర తప్పకుండా ఉన్నది అనుభవం కాబట్టి దాని గురించే అడగాలి. సందేశం ఇలా ఉండవచ్చు:

"నమస్తే మేడమ్. మీరు చదివిన విభాగంలోనే నేను చివరి సంవత్సరం చదువుతున్నాను. సప్లై చెయిన్ రంగంలో ఫ్రెషర్ల కోసం వచ్చిన ప్రకటనలు కొన్ని చదివాను. డిమాండ్ ప్లానింగ్ అనే పని వాటిలో తరచుగా కనిపించింది గానీ, ఆ పని చేసేవారి రోజు ఎలా గడుస్తుందో నాకు అర్థం కాలేదు. మీకు వీలైన రోజున పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా? కుదరకపోతే రెండు ప్రశ్నలు రాసి పంపుతాను, తీరిక దొరికినప్పుడు జవాబివ్వండి."

రాస్తున్నది ఎవరు, ఎందుకు, ఎంత సమయం కావాలి అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. కాదనాలనుకున్నవారికి ఇబ్బంది లేని దారి కూడా ఉంది. మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు "మీ రంగం ఎలా ఉంది?" వంటి వెడల్పాటి ప్రశ్న వేస్తే వెడల్పాటి జవాబే వస్తుంది. "పోయిన వారం మీ సమయం ఎక్కువగా దేనికి ఖర్చయింది?", "కొత్తగా చేరినవారు మొదటి మూడు నెలల్లో దేని దగ్గర ఇబ్బంది పడతారు?", "మీ బృందంలోకి ఒకరిని తీసుకోవలసి వస్తే రెజ్యూమెలో మొదట ఏం వెతుకుతారు?" అని అడిగితే పనికొచ్చే వివరాలు వస్తాయి. మర్నాడు కృతజ్ఞతలు చెప్పడం అందరికీ తెలుసు. అవతలి వ్యక్తి ఇచ్చిన సలహాను పాటించాక ఏం జరిగిందో రెండు నెలల తర్వాత నాలుగు వాక్యాల్లో రాసేవారు మాత్రం బహు అరుదు, గుర్తుండిపోయేదీ వారే.

"మాకు పెద్దవాళ్లెవరూ తెలియదు" అని నిరాశపడేవారు ఒక పాత పరిశోధనను తెలుసుకోవాలి. పరిచయస్థుల ద్వారా ఉద్యోగం దొరికినవారిని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్, ఆ రోజుల్లో ఆ పరిచయస్థులను ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా అన్నవారు 16.7 శాతమే; అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. 1973లో ఆయన ప్రచురించిన ఈ వ్యాసం చెప్పే కారణం సులభమైనదే: మన దగ్గరి స్నేహితులకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు వేరే వలయంలో తిరిగేవారి దగ్గర ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా వినియోగదారులతో ఐదేళ్లపాటు జరిగిన ప్రయోగాలను విశ్లేషించి 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం దీన్ని కొంత సవరించింది. ఉమ్మడి స్నేహితులు మరీ ఎక్కువగా ఉన్నవారి కంటే, అసలు లేనట్టే ఉన్నవారి కంటే, ఓ మోస్తరుగా ఉన్న పరిచయస్థులే కొత్త ఉద్యోగానికి ఎక్కువగా తోడ్పడ్డారని అందులో తేలింది. విద్యార్థి విషయంలో ఆ ఓ మోస్తరు పరిచయస్థులంటే రెండేళ్ల సీనియర్లు, ఇంటర్న్‌షిప్‌లో పక్క బృందంలో పనిచేసినవారు, ఏదో వర్క్‌షాప్‌లో ఒక రోజు కలిసి కూర్చున్నవారు. వారి పేర్లు ఒక కాగితం మీద రాసి చూస్తే "ఎవరూ తెలియదు" అన్న మాట నిలవదు.

ఇంత తెలుసుకున్నాక కూడా ఏ దారి పట్టాలో తేలకపోవచ్చు. అప్పుడు ఇంకా ఆలోచిస్తూ కూర్చోవడం కంటే రెండు వారాల్లో ముగిసే చిన్న పనిని ఎంచుకుని చేసి చూడటం మేలు. జీవితాంతం సరిపోయే నిర్ణయం ఇరవై ఒకటో ఏట తీసుకోవాలన్న పట్టుదల చాలామందిని కదలనివ్వదు. మనస్తత్వవేత్త జాన్ క్రంబోల్ట్స్, ఆయన సహచరులు 1999లో ప్రతిపాదించిన ఆలోచన ప్రకారం వృత్తి జీవితంలో అనుకోని సంఘటనల పాత్ర పెద్దది, కుతూహలంతోనూ ఓర్పుతోనూ ఏదో ఒకటి చేస్తూ ఉండేవారే ఆ సంఘటనలను అవకాశాలుగా మలచుకోగలరు.

చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి

అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు అని ఫ్రెషర్లు అనడంలో నిజం లేకపోలేదు. ఈ ముడి విప్పడానికి ఇంటర్న్‌షిప్ మంచి మార్గమే గానీ అదొక్కటే మార్గం కాదు. సాహిత్యం చదివి కంటెంట్ రైటింగ్ వైపు వెళ్లాలనుకునే విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. ఆమె ఏదైనా ప్రజా సేవల వెబ్‌సైట్‌లో అర్థం కాని మూడు సహాయ పేజీలను ఎంచుకుని, వాటిని సులభంగా తిరగరాసి, పాతదీ కొత్తదీ పక్కపక్కనే పెట్టి, ఏ వాక్యాన్ని ఎందుకు మార్చిందో ప్రతిచోటా ఒక చిన్న గమనిక రాస్తే, అది ఏ సర్టిఫికెట్ కంటేనైనా ఎక్కువ మాట్లాడుతుంది. చదివేవారికి ఆమె ఆలోచన కళ్ల ముందు కనిపిస్తుంది. ప్రోగ్రామింగ్ వైపు వెళ్లేవారికి గిట్‌హబ్, డిజైన్ వైపు వెళ్లేవారికి బిహాన్స్ అనే వెబ్‌సైట్లు ఇలాంటి ప్రదర్శనకు ఉన్నవే. యూట్యూబ్ చూసి దించిన ప్రాజెక్టులను నియామకాలు చేసేవారు ఇట్టే గుర్తుపడతారు, ఎందుకంటే అదే ప్రాజెక్టు మరెన్నో రెజ్యూమెల్లోనూ ఉంటుంది. మీకు నిజంగా ఎదురైన చిన్న ఇబ్బందిని తీర్చే పని ఎంచుకుని, దాన్ని చివరిదాకా పూర్తిచేసి, ఎలా వాడాలో ఒక పేజీ రాసి పెట్టండి. సగంలో ఆగిన ఐదు ప్రాజెక్టుల కంటే పూర్తయిన ఒక్కటి నయం.

రెజ్యూమెలో ఒక వాక్యం

రెజ్యూమె గురించి సలహాలు కోకొల్లలు కాబట్టి ఒకే వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. చాలామంది ఇలా రాస్తారు: "కళాశాల ఉత్సవ నిర్వహణ కమిటీ సభ్యుడు, నాయకత్వ లక్షణాలు, బృందంతో పనిచేసే సామర్థ్యం ఉన్నాయి." ఇందులో సభ్యత్వం తప్ప నిరూపించదగినది ఏదీ లేదు. అదే విద్యార్థిని ఆ కమిటీలో నువ్వు చేసిన పనేమిటని రెండుసార్లు గుచ్చి అడిగితే వాక్యం ఇలా మారుతుంది: "ఉత్సవానికి వచ్చిన 340 నమోదు పత్రాలను ఒకే స్ప్రెడ్‌షీట్‌లోకి మార్చి, రెండుసార్లు నమోదైన పేర్లను తొలగించి, రోజూ మూడు గంటలు పట్టే తనిఖీని నలభై నిమిషాలకు తగ్గించాను." నాయకత్వం అన్న మాట పోయింది, దాని బదులు చేసిన పని వచ్చింది. అంకెలు నిజమైనవే రాయాలి, ఎందుకంటే ఆ మూడు గంటలను ఎలా లెక్కపెట్టారని ఇంటర్వ్యూలో అడగడం ఖాయం. అంకె లేని చోట ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా మారిందో చెప్పినా సరిపోతుంది.

కొత్తగా చదువు ముగించినవారికి ఒక పేజీ చాలు. "సవాళ్లతో కూడిన వాతావరణంలో నా ప్రతిభను నిరూపించుకోవాలని" అంటూ మొదలయ్యే లక్ష్య వాక్యాన్ని తీసేస్తే ఆ చోటు ప్రాజెక్టుకు దక్కుతుంది. చాలా సంస్థలు దరఖాస్తులను ముందుగా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తాయి. రెండు నిలువు వరుసలు, పట్టికలు, బొమ్మల్లో ఇరికించిన అక్షరాలు ఉన్న రెజ్యూమెను ఆ సాఫ్ట్‌వేర్ తప్పుగా చదివే ప్రమాదం ఉంది. దీన్ని పరీక్షించడం చాలా తేలిక: మీ పీడీఎఫ్‌ను తెరిచి, మొత్తం పాఠాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. పేరు, చదువు, ప్రాజెక్టులు అదే వరుసలో చదవడానికి వీలుగా వస్తే సరే. కలగాపులగంగా వస్తే అమరికను సాదాగా మార్చండి. చాట్‌బాట్‌తో తప్పులు దిద్దించుకోవడంలో దోషం లేదు గానీ, రెజ్యూమె అంతా దానితోనే రాయిస్తే మరెందరి రెజ్యూమెల్లోనో ఉన్న వాక్యాలే మీకూ వస్తాయి, అడిగినప్పుడు వాటిని సమర్థించుకోవడం కష్టమవుతుంది.

దరఖాస్తుల లెక్క

ఒకే రెజ్యూమెను వందల చోట్లకు పంపి ఎవరూ పిలవలేదని బాధపడటం కంటే, కొన్నింటిని ఎంచుకుని ఒక్కోదానికి కాస్త సమయం పెట్టడం మేలు. ప్రకటనలో అడిగిన నైపుణ్యాలన్నీ లేవని ఆగిపోనక్కరలేదు. పైన చెప్పినట్టు వెన్నెముక వంటి పనులు మీకు వచ్చినట్లయితే దరఖాస్తు చేయండి. ప్రతి దరఖాస్తునూ ఒక పట్టికలో రాసుకోవాలి: సంస్థ పేరు, హోదా, తేదీ, ఏ రెజ్యూమె పంపారు, ఎవరి ద్వారా పంపారు, ఏ దశ దాకా వెళ్లింది. ప్రకటన పాఠాన్ని కూడా కాపీ చేసి దాచుకోండి, ఎందుకంటే ఇంటర్వ్యూకు పిలుపు వచ్చేసరికి ఆ ప్రకటన వెబ్‌సైట్‌లో ఉండకపోవచ్చు.

ఈ పట్టికలో ముప్పై నలభై వరుసలు నిండాక లోపం ఎక్కడుందో అదే చెబుతుంది. అసలు పిలుపులే రాకపోతే రెజ్యూమె అయినా సరిగ్గా లేదు, ఎంచుకున్న హోదాలైనా మీ అర్హతకు దూరంగా ఉన్నాయి. అప్పుడు ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీపట్టడం దండగ. రాత పరీక్షకు పిలిచి అక్కడే ఆపేస్తుంటే సాధన చేయవలసింది ఆ పరీక్షకే. మొదటి ఇంటర్వ్యూ దాటడం లేదంటే మాట్లాడే తీరును ఎవరైనా విని చెప్పాలి. చివరి దశ దాకా వెళ్లి ఆగిపోతుంటే మీ పద్ధతిలో పెద్ద లోపం ఉందనుకోనక్కరలేదు, అక్కడ పోటీ పడేవారంతా దాదాపు సమానులే. తెలిసినవారి ద్వారా పంపిన దరఖాస్తులకు, పోర్టల్‌లో నేరుగా పెట్టినవాటికి వచ్చిన పిలుపులను కూడా పోల్చి చూస్తే, వచ్చే నెల సమయాన్ని దేనికి కేటాయించాలో తెలుస్తుంది.

ఇంటర్వ్యూ

మనస్తత్వవేత్త పాల్ సాకెట్, ఆయన సహచరులు ఎంపిక పద్ధతులపై దశాబ్దాల పరిశోధనలను తిరిగి లెక్కగట్టి 2022లో ప్రచురించిన ఫలితాల్లో, ఉద్యోగి పనితీరును ముందుగా అంచనా వేయడంలో మొదటి స్థానం నిర్దిష్టమైన ఇంటర్వ్యూకు దక్కింది. అంటే అందరికీ ముందుగా నిర్ణయించిన ఒకే రకం ప్రశ్నలు వేసి, జవాబులకు ముందే అనుకున్న కొలమానంతో మార్కులు వేసే పద్ధతి. "ఒక పని గడువులోగా పూర్తికాదని తెలిసినప్పుడు ఏం చేశారో చెప్పండి" వంటి ప్రశ్నలు అలా వచ్చినవే. వీటికి జవాబులు అప్పటికప్పుడు తట్టవు. మీ చదువు, ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్‌ల నుంచి ఆరేడు సంఘటనలను ముందే ఎంచుకుని, పరిస్థితి ఏమిటి, మీ బాధ్యత ఏమిటి, మీరు ఏం చేశారు, ఫలితం ఏమైంది అన్న క్రమంలో ఒక్కోదాన్ని రెండు నిమిషాల్లో చెప్పడం సాధన చేయాలి. ఒకే సంఘటన మూడు నాలుగు ప్రశ్నలకు పనికొస్తుంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, పరిస్థితిని వర్ణించడంలోనే నిమిషంన్నర గడిచిపోయి, అసలు చేసిన పని చివర్లో ఒక్క వాక్యానికి కుదించుకుపోవడం. రెండోది, "మేము తయారు చేశాం, మేము పరీక్షించాం" అని చెప్పుకుంటూ పోవడం. వినయంగా వినిపించినా, వినేవారికి అందులో మీ వంతు ఎంతో తెలియదు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే రెండూ వెంటనే పట్టుబడతాయి. "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు ఇంటి వివరాలూ పదో తరగతి మార్కులూ చెప్పే బదులు, ఇప్పుడు ఏం చదువుతున్నారు, ఈ ఉద్యోగానికి దగ్గరగా ఏం చేశారు, ఈ పని ఎందుకు ఎంచుకున్నారు అన్నవి ఒక నిమిషంలో చెబితే తర్వాతి ప్రశ్న మీకు అనుకూలమైన చోటు నుంచి వస్తుంది. చివర్లో మీరేమైనా అడుగుతారా అంటే, ఈ హోదాలో చేరినవారి పనిని ఆరు నెలల తర్వాత దేన్ని బట్టి కొలుస్తారని అడగండి. ఆ జవాబు మీకూ కావలసిందే.

వేటలో ఉన్నవారిని మోసగాళ్లు ఇట్టే పసిగడతారు. రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ రుసుము, లాప్‌టాప్ డిపాజిట్ పేరుతో ముందుగా డబ్బు అడిగేవారు, ఇంటర్వ్యూ ఏదీ లేకుండా చాట్‌లోనే ఆఫర్ పంపేవారు, బ్యాంకు ఓటీపీ కోరేవారు ఉద్యోగం ఇచ్చేవారు కాదు. ఈమెయిల్ చిరునామాలో @ గుర్తు తర్వాతి భాగం సంస్థ అధికారిక వెబ్‌సైట్ పేరుతో సరిపోతోందో లేదో అక్షరం అక్షరం చూడండి, అనుమానం ఉంటే ఆ వెబ్‌సైట్‌లోని నంబరుకే ఫోన్ చేసి కనుక్కోండి.

ఆఫర్ వచ్చాక

మొదటి ఉద్యోగమే జీవితాన్ని నిర్ణయిస్తుందన్న భయం సగం నిజం. ఆర్థిక మాంద్యంలో పట్టభద్రులైన కెనడా విద్యార్థులపై ఆర్థికవేత్తలు ఫిలిప్ ఒరియోపౌలోస్, టిల్ వాన్ వాచ్టర్, ఆండ్రూ హైజ్ 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారి తొలి సంపాదన సుమారు 9 శాతం తక్కువగా మొదలైంది, ఐదేళ్లలో ఆ తేడా సగానికి తగ్గింది, పదేళ్లకు దాదాపుగా చెరిగిపోయింది. కోలుకోవడంలో, మెరుగైన సంస్థలకు మారడం పెద్ద పాత్ర పోషించింది. కాబట్టి మొదటి ఆఫర్‌ను చూసేటప్పుడు జీతంతో పాటు, అక్కడి నుంచి రెండేళ్ల తర్వాత ఎక్కడికి వెళ్లగలరన్నదీ చూడాలి. ఎవరి దగ్గర పనిచేస్తారు, మీ పనిని చూసి సరిదిద్దేవారు ఉన్నారా, ఆ బృందం నుంచి బయటికి వెళ్లినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారు అన్నవి వాకబు చేయదగినవి.

ఆఫర్ లెటర్‌ను ఆసాంతం చదవకుండా సంతకం చేయకండి. ప్యాకేజీ అని రాసిన మొత్తంలో నెలనెలా చేతికి వచ్చేది ఎంత, పనితీరును బట్టి మారేది ఎంత, ప్రొబేషన్ ఎన్ని నెలలు, రాజీనామా చేస్తే నోటీసు కాలం ఎంత, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న బాండ్ ఉందా, పనిచేసే ఊరు ఏది, చేరే తేదీ ఖాయమైనదేనా అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటగా ఇచ్చిన హామీ ఏదైనా ఉంటే "మన సంభాషణలో చెప్పిన ఈ విషయాన్ని ధ్రువీకరించగలరా?" అని మర్యాదగా ఈమెయిల్ రాయడంలో తప్పు లేదు. నిర్ణయానికి నాలుగైదు రోజుల గడువు అడగడం కూడా మామూలే. సంతకం చేసి పంపాక, ఇంకా కొనసాగుతున్న మిగిలిన దరఖాస్తులన్నింటినీ పట్టికలో చూసుకుని, ఆయా సంస్థలకు కృతజ్ఞతలతో రెండు వాక్యాల్లో మీ ఉపసంహరణను తెలియజేయండి. మీకు సమయం ఇచ్చి మాట్లాడిన సీనియర్లకు కూడా ఏ హోదాలో ఎక్కడ చేరుతున్నారో అదే రోజు రాయండి.